ముప్పయి ఎనిమిది కార్డులు, ఒకే చేతిరాత

మా అక్క పాడిన గ్రామఫోను ప్లేటు ఒకే ఒక్కటి. రెండోది రావలసింది, రాలేదు. ఎందుకు రాలేదో తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను కాబట్టి రాస్తున్నాను. నాకు ఎవరెవరి మీద కోపముండేదో వాళ్లలో చాలామంది పోయారు. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రంగా ఉన్న చివరి ఏళ్లవి. లాల్‌దర్వాజాలో ఒక వకీలుగారి పెద్ద ఇంటి వెనక రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నేను యాకుత్‌పురా స్టేషన్‌లో టికెట్లు ఇచ్చే గుమాస్తాను. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. పెళ్లయిన రెండేళ్లకే బావ జ్వరంతో పోవడంతో మా దగ్గరికే వచ్చేసింది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకొని ఆడవాళ్లకు రవికలు కుట్టేది. కుడుతున్నంతసేపూ పాడేది. కాలు మిషను మీద ఎంత వేగంగా ఆడితే పాట అంత వేగం. దారం తెగితే పాట కూడా ఆగేది.

పత్తర్‌గట్టీలో ప్లేట్లు అమ్మే దుకాణదారు భార్య రవికల కోసం వచ్చి ఆ పాటలు విన్నది. ఇంటికి వెళ్లి మొగుడికి చెప్పింది. మద్రాసు నుంచి కంపెనీ ఏజెంటు వచ్చిన రోజు అక్కకు కబురొచ్చింది. నేను వెంట వెళ్లాను. అక్క తను కట్టుకున్న పాటే పాడింది. అన్నం గిన్నె పట్టుకొని ఒకామె రైలు గేటు దగ్గర నిలబడి ఉంటుంది. గూడ్సుబండి ఎంతకూ తెగదు. అవతల ఆకలితో ఉన్నవాడు పెట్టెల సందుల్లోంచి కనబడుతూ మాయమవుతూ ఉంటాడు. అంతే పాట. రోజూ మధ్యాహ్నం నాకు అన్నం తెచ్చేది అక్కే. ఆ అవతలివాడు ఎవరో నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఏజెంటు విని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

"గొంతు బాగుందమ్మా. కానీ గేటూ గూడ్సుబండీ ఎవరు కొంటారు? ముందు మేమిచ్చే వెన్నెల పాట పాడండి. ఆ ప్లేటు పోతే దసరాకు మళ్లీ పిలుస్తాం. అప్పుడు మీ గేటు పాటే వేద్దాం."

ప్లేటు పోవడమంటే అమ్ముడుపోవడం. అక్కకు వెన్నెల పాట మీద ఏ ప్రేమా లేదు. గేటు పాట కోసం దాన్ని పాడింది. మద్రాసు వెళ్లి ఒక్క పూటలో పాడి వచ్చేశాం.

ఎండాకాలంలో ప్లేట్లు వచ్చాయి. దుకాణదారు డజను తెప్పించి అన్నిటికంటే కింది అరలో పెట్టాడు. పైకి పెట్టమని అడిగాను.

"ఏం ఫాయిదా భాయ్? రేడియోల రానిదాన్ని ఎవడడుగుతడు? ఒక్కసారి రానీ, నేనే అద్దంల పెడ్త."

నెల రోజులు ఒక్కటీ కదలలేదు. అప్పుడొక సాయంత్రం రేడియోలో కొత్త ప్లేట్ల కార్యక్రమంలో మా పాట వేశారు. వకీలుగారి వరండాలో ఆడవాళ్లు, మలుపు మీది ఇరానీ హోటల్లో మగవాళ్లు విన్నారు. మా గల్లీ మొత్తానికి ఉన్నవి ఆ రెండు రేడియోలే. చదివినాయన అక్క ఇంటిపేరు తప్పు చదివాడు. అదీ గుర్తుంది. మర్నాటి నుంచి జనం దుకాణానికొచ్చి "రేడియోల వెన్నెల పాట వచ్చిందట గదా, అదియ్యి" అని అడగడం మొదలుపెట్టారు. నాలుగు రోజుల్లో డజనూ అయిపోయాయి. నెల రోజులు కింది అరలో ఉన్నదీ అదే పాట, అదే గొంతు. ఒక మనిషి పెట్టెలోంచి పేరు చెబితే తప్ప అది వినదగిన పాటని ఎవరికీ తోచలేదు.

దుకాణదారు ఇంకో రెండు డజన్లు తెప్పించి అద్దంలో పెట్టాడు. రేడియో మళ్లీ వేయలేదు. రెండు వారాలకు అడిగేవాళ్లు ఆగిపోయారు.

"ఆదివారం ఫర్మాయిషీల రావాలె" అన్నాడు దుకాణదారు. "జనంతోని పోస్టుకార్డులు రాయించు. నెలాఖరుకు మిగిలిన ప్లేట్లు కంపెనీకి వాపస్ పంపాలె. వాపస్ పోయినయంటే దసరా పిలుపు మరిచిపోవాలె మీరు."

ఆదివారం మధ్యాహ్నం శ్రోతలు కోరిన పాటలు వేసేవారు. పాటకు ముందు కోరినవాళ్ల పేర్లు, వాడకట్టు పేరు చదివేవారు. పాట కంటే ఆ పేర్ల కోసమే చెవులు రిక్కించేవాళ్లు ఎక్కువ. అందుకని కార్డుల మాట ఎత్తగానే గల్లీకి గల్లీ మా గడప ముందు కూర్చుంది. రాయడానికి తెలుగు అక్షరాలు వచ్చినవాడిని నేనే. అక్కడున్నవాళ్లలో బడికి పోయినవాళ్లంతా ఉర్దూలో చదువుకున్నవాళ్లే, నేనూ అంతే. తెలుగు మా నాన్న దగ్గర ఇంట్లో నేర్చుకున్నాను. పలక మీద తెలుగులో పేరు రాసుకున్నందుకు బడిలో ఒక పంతులు పిల్లలందరి ముందు నన్ను బెంచీ ఎక్కించాడు. ఆనాటి నుంచి నా తెలుగు చేతిరాతను ముత్యాల్లా దిద్దుకుంటూ వచ్చాను.

"నా పేరు రాయి, నా మొగనిది రాయకు" అన్నది పూలమ్మే ఆమె.

"ఎందుకే?" అన్నది అక్క.

"నిన్న లొల్లి పెట్టుకున్నడు. రేడియోల పేరు రావాల్నంటే సల్లగుండాలె మనిషి."

పాలాయన తన పేరు, కొడుకుల పేర్లు చెప్పి, కొంచెం ఆగి, "బర్రె పేరు గూడ రాయరాదు తమ్మీ, పాలిస్తున్నది అదే గదా" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క మిషను ఆపి నవ్వింది.

గల్లీ చివర షేర్వానీలు కుట్టే ముసలి దర్జీ ఉండేవాడు. మాస్టర్‌సాబ్ అనేవాళ్లం. అక్క మిషను చెడిపోతే బాగుచేసేది ఆయనే. ఆయన నా చేతిలోంచి కార్డు తీసుకోబోయాడు.

"లావ్ మియా, మై అప్నే హాత్ సే ఉర్దూ మే లిఖ్ దేతా హూఁ."

"తెలుగు ప్రోగ్రాం మాస్టర్‌సాబ్. ఉర్దూ కార్డు బుట్టల ఏస్తరు. నేను రాస్త, మీరు పేరు చెప్పుండ్రి."

"దిల్ కీ బాత్ అప్నే హాత్ సే అచ్ఛీ లగ్తీ" అన్నాడాయన, మనసులో మాట సొంత చేత్తో రాస్తేనే అందమని. నేను వినలేదు. ఆయన వెనక ఇంకా పదిమంది ఉర్దూలో రాస్తామన్నారు, మా స్టేషన్ దగ్గర రైలు గేటు వేసే గేటాయనతో సహా. అందరినీ కాదన్నాను. బుట్టలో వేస్తారన్న భయం నిజమే. కానీ ఆ పంతులు మొహం కూడా నా కళ్ల ముందుంది. రేడియోవాళ్ల బల్ల మీద మా గల్లీ పేరు మంచి తెలుగు రాతలో కనబడాలని నా పట్టుదల.

ముప్పయి ఎనిమిది కార్డులు రాశాను. ఒకటే నల్ల సిరా. "అయ్యా, ఈ పాట మాకు మిక్కిలి ఇష్టము" అని అన్నిటి మీదా ఒకే వాక్యం, తప్పుల్లేకుండా. అన్నీ కలిపి దారంతో కట్టి స్టేషన్ పక్క పోస్టు డబ్బా దగ్గర దారం విప్పి వేశాను.

ఆదివారం వకీలుగారి వరండాలో కూర్చోవడానికి చోటు లేదు. అక్కను ముందు కూర్చోబెట్టారు. నేను హోటల్లో ఉన్నాను. మూడు పాటల తర్వాత పేర్లు చదివే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"లాల్‌దర్వాజా నుంచి ముప్పయి ఎనిమిది కార్డులు ఒకే పాట కోసం వచ్చాయి. చేతిరాత కూడా ఒకటే. శ్రోతలు గమనించాలి. ఇలాంటివాటిని మేము లెక్కలోకి తీసుకోము."

వెంటనే వేరే పాట వేశారు. హోటల్లో ఒకాయన చాయ్ సాసరులో పోసుకుంటూ "క్యా బాత్ హై, అకేలా ఆద్మీ పూరా మొహల్లా బన్ గయా" అన్నాడు, ఒక్కడే వాడకట్టంతా అయిపోయాడని. నవ్వినవాళ్లు ఆరుగురు. ఎక్కడెక్కడ కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను.

ఇంటికి వచ్చేసరికి అక్క వరండా నుంచి వచ్చేసి మిషను తొక్కుతున్నది. పాట లేదు. మిషను చప్పుడు ఒక్కటే.

మర్నాడు సెలవు పెట్టి రేడియో స్టేషనుకు వెళ్లాను. కార్డులు చూసే అధికారి నా వయసువాడే. కుర్చీ చూపించలేదు. సొరుగులోంచి మా కార్డుల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. వాటిని మళ్లీ ఎవరో దారంతో కట్టారు.

"ఇవన్నీ మీరే రాశారా?"

"రాసింది నేను. అడిగింది వాళ్లు. ఊళ్లె ఒక్కనికే రాయొస్తే ఊరందరి కోరిక వానిదేనా సార్?"

ఆయన పై కార్డు మరోసారి చూశాడు. "మీరు పాడినావిడకు ఏమవుతారు?"

"తమ్ముణ్ని."

"చూడండి, వారం వారం కంపెనీలవాళ్లు ఇలాగే కూలికి రాయించి పంపుతారు. మీవీ వాళ్లవీ వేరని నేనెట్లా తెలుసుకోను? ఎవరి కార్డు వాళ్లనే రాసుకొమ్మనండి."

"తెలుగు రాసుడు రాదు సార్ వాళ్లకు. ఉర్దూ వస్తది."

"అయితే ఉర్దూలో రాయమనండి. ఇక్కడ అందరికీ ఉర్దూ వచ్చు. భాషతో మాకేం పని?"

నేను ఆ కట్ట దారం ముడి విప్పబోయి ఆగాను. ఎందుకని అడిగాడు. ఏం లేదన్నాను. అప్పుడు కుర్చీ చూపించాడు, నేను కూర్చోలేదు. ఆ మనిషి మీద నాకు కోపం ఉండాలి, ఉంది కూడా. కానీ ఆయన చెప్పిందాంట్లో తప్పు ఎంత వెతికినా దొరకదు.

గల్లీకి వచ్చి అందరినీ ఉర్దూలో రాయమని బతిమాలాను. పూలమ్మే ఆమె "పేరొస్తదని ఆశపడితే దొంగలన్నరు" అంది. పాలాయన "ఇజ్జత్ పోయింది, ఇగ సాలు తమ్మీ" అన్నాడు. గేటాయన నా వైపు చూడనేలేదు. వాళ్లనేమనగలను? మొదటిసారి రాస్తామన్నప్పుడు చెయ్యి పట్టుకొని ఆపింది నేనే.

అప్పటి నుంచి నాలుగో ఆదివారం, నెల మారిన తర్వాత, రేడియోలో మాస్టర్‌సాబ్ పేరు చదివారు. లాల్‌దర్వాజా అని చదివారు. వెన్నెల పాట వేశారు. ఆయన మాకెవరికీ చెప్పకుండా, ఆ అవమానం జరిగిన సాయంత్రమే, తన చేత్తో ఉర్దూలో ఒక కార్డు రాసి పంపాడట.

అక్క వరండాకు వెళ్లలేదు. హోటల్ రేడియో నుంచి పాట గల్లీలో తేలుతూ వస్తుంటే మిషను ఆపింది. అయిపోయేదాకా చక్రం మీద చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత మళ్లీ తొక్కింది.

మర్నాడు పత్తర్‌గట్టీకి పరుగెత్తాను. నేను పోయేసరికే ముగ్గురు ఆ ప్లేటు అడిగి వెళ్లారట.

"వాపస్ పంపి అయిదు దినాలయింది భాయ్" అన్నాడు దుకాణదారు. ఆయన మొహంలో నిజమైన బాధే ఉంది. "ఇన్ని దినాలు ఎవ్వడడగలే, ఇప్పుడడుగుతున్నరు. నేనేం చెయ్యాలె చెప్పు?"

దసరాకు కంపెనీ నుంచి పిలుపు రాలేదు, ఒక కార్డు వచ్చింది. ప్లేటు ఆశించినంత పోలేదని, అవకాశం ఉంటే తెలియజేస్తామని. అక్క దాన్ని నాతో చదివించుకొని, రవికల కొలతలు రాసుకునే పుస్తకంలో పెట్టింది.

ఆ రోజు ధైర్యం చేసి చెప్పాను. "అక్కా, అందరు ఉర్దూల రాస్తమన్నరు. నేనే వద్దన్న."

"ఎరుకే. నేను గీడనే కూసున్న గదా, నాకు వినబడలేదా?"

"మరి అప్పుడేమనకపోతివి?"

"నువ్వు అంత మంచిగ రాస్తుంటే ఎట్ల ఆపాలె రా? చిన్నప్పుడు బెంచీ ఎక్కిచ్చిండని ఏడుసుకుంట వచ్చినోనివి." సూదిలో దారం ఎక్కించుకొని నా వైపు చూసింది. "అయినా రేడియోల నా గొంతు కంటె నీ రాతకే ఎక్కువ పేరొచ్చింది పో."

నవ్వాలని అన్నది. నేను నవ్వలేకపోయాను. అప్పుడు తనే లేచి, గూట్లో మిగిలిపోయిన ఖాళీ కార్డులు రెండు తెచ్చి నా ముందు పెట్టింది.

"గేటు పాట రాయి. ప్లేటు ఎట్లాగు రాదు. కాగితం మీదన్న ఉండనీ."

ఆమె చెబుతూ పోయింది, నేను రాశాను. ముత్యాల్లాగే రాశాను. రెండు కార్డుల్లో సరిపోయింది. అవి ఇప్పటికీ నా దగ్గరున్నాయి, సిరా కొంచెం ఎర్రబారింది. మాటలన్నీ ఉన్నాయి. బాణీ మాత్రం నాకు గూడ్సుబండి వచ్చేదాకానే గుర్తుంది, ఆ తర్వాతది అక్కతోనే పోయింది.