గుణం గడి

ఆ డాక్టరు చిరునామా అడుగుతూ ఇప్పటికి ముగ్గురు తండ్రులు మా ఇంటికి వచ్చారు. మూడోవారు పెద్దాపురం నుంచి, కొడుకు ఫొటో జేబులో పెట్టుకుని వచ్చారు. "మీ అమ్మాయికి ఆయన దగ్గర గుణం కనిపించిందని విన్నామండి" అన్నారు. ఆ మాట గాలికి పుట్టింది కాదు. నేనే రాసి, పక్కన సంతకం పెట్టాను. దానికి జవాబుదారీ నాదే కనుక జరిగింది జరిగిన వరసలో చెబుతాను.

నేను కాలవ నీళ్ళు ఆపి వదిలే లాకుల మీద సూపరింటెండెంటుగా పనిచేశాను. ఉదయం, సాయంత్రం నీటిమట్టం చూసి రిజిస్టరులో ఎక్కించాలి. ఆ రిజిస్టరుకు ఒక నియమం ఉంది: రాసినది చెరపకూడదు, కాగితం చింపకూడదు. తప్పు దొర్లితే కింది అక్షరాలు కనిపించేలా ఒక్క గీత గీసి, పక్కన సంతకం పెట్టాలి. ఇంట్లోనూ అదే అలవాటు చేసుకున్నాను. అమ్మాయికి తట్టు పోసిన రోజు, తొలిసారి సైకిలు తొక్కిన రోజు, అన్నీ నా దగ్గర ఉన్నాయి.

తొంభైల చివర్లో, అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా, భీమవరం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. తల్లి పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అమ్మాయి అంది:

"నాకు పెళ్ళి వద్దమ్మా. నాకు అదంటే ఇష్టం. మీరు మొగుడూ పెళ్ళాల మధ్య ఉండాలంటారే, ఆ ఇష్టం."

'అది' అంటే తన క్లాసులో చదివే కడియం అమ్మాయి. మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేసిన పిల్ల.

"ఏంటే ఆ మాటలు! నాకూ ఉండేది స్నేహితురాలు. దాన్నే కట్టుకున్నానా?" అంది నా భార్య.

"కట్టుకోనిస్తే కట్టుకునేదానివేమో" అని నవ్వింది అమ్మాయి. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె నవ్వినట్టు నా రాతల్లో ఎక్కడా లేదు.

ఆ సాయంత్రమే కొత్త నోటుపుస్తకం తీసి గీతలు గీశాను. పైన 'రోగం వివరం' అని రాశాను. కింద నాలుగు గడులు: తేదీ, చోటు, చేసినది, గుణం. మందు పనిచేస్తే గుణమిచ్చిందంటాం కదా, ఆ అర్థంలో.

కాలేజీ మాన్పించాం. వచ్చిన ఉత్తరాలు చించేశాం. తడిబట్టలతో కోరుకొండ గుడి మెట్లెక్కించాం. పెద్దాపురంలో మరిడమ్మ తల్లికి మొక్కుకున్నాం. హోమియో గుళికలు మింగించాం. ప్రతి వరస చివరా 'లేదు' అని రాస్తూ వచ్చాను. ఆఖరికి ఆ డాక్టరు దొరికాడు. నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు, ఆమెను ఒక్కటీ అడగలేదు. రోగం ఎవరిదని వెళ్ళామో వాళ్ళతో మాట్లాడకుండానే వైద్యం ఖాయం చేసే చదువు ఎక్కడ నేర్పుతారో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం నేను తలూపాను. తలకు కరెంటు పెట్టారు, ఆరు విడతలు.

నాలుగో విడత తర్వాత, ఏ చెప్పు ఏ కాలిదో తెలియక అమ్మాయి గుమ్మంలో నిలబడిపోయింది. అది నేను రాయలేదు. దానికి గడి లేదు.

ఆరో విడత తర్వాత అన్నం పెడితే తింది, పెళ్ళిచూపులకు సరేనంది. గుణం గడిలో 'కనిపించింది' అని రాసి సంతకం పెట్టాను. నా భార్య సంతోషం పట్టలేక చుట్టాలందరికీ చెప్పింది.

పెళ్ళిచూపులకు ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే అమ్మాయి పలకలేదు. నా బల్ల మీద నోటుపుస్తకం తెరిచి ఉంది. 'కనిపించింది' కింద, వంకర పోయిన అక్షరాలతో, "నాన్నగారూ, ఇది నా గుణం. రోగం కాదు" అని ఉంది. కాలవ రేవు మెట్ల మీద ఆమె చెప్పులు దొరికాయి.

నా ఉద్యోగ కాలంలో లాకుల దగ్గరకు ఎన్ని శవాలు కొట్టుకొచ్చాయో నా రిజిస్టర్లలో ఉంది. పై అధికారి ఉత్తర్వు లేకుండా షట్టర్లు దింపించాను. దిగువన నీళ్ళు తగ్గగానే రైతులు పరుగున వచ్చారు.

"ఏవండీ, నాట్లేసే టైములో నీళ్ళు కట్టేశారేంటండి? మా నారు మీరేమైనా కొంటారా?"

"మా అమ్మాయి కనపడటం లేదు" అన్నాను. పంచెలు ఎగ్గట్టి, గెడకర్రలు పట్టుకుని కాలవలోకి దిగారు. మోకాటి లోతు బురదలో వాళ్ళు వెతుకుతుంటే నేను గట్టు మీద నిలబడి, ఏం చెయ్యాలో తోచక, మట్టం ఎన్ని అంగుళాలు తగ్గిందో చదువుతూ ఉండిపోయాను.

అప్పుడు ఆఫీసు ఫోను మోగింది. ఎస్టీడీ బూత్ నుంచి ఒక ఆడమనిషి.

"బాబుగారూ, కడియం నుంచండి. మీ అమ్మాయి మా ఇంట్లో ఉందండి. చెప్పుల్లేకుండా నడిచొచ్చేసింది. ఇంత అన్నం తిని పడుకుందండి."

ఆ కడియం అమ్మాయి తల్లి. నర్సరీలో కవర్లలో మట్టి నింపే పని. నేను వెళ్ళేసరికి చేతుల మట్టి కడుక్కోకుండానే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పిల్లకేం రోగమని అన్ని మందులు పోశారండీ? చదువుకున్నోరు కదండీ మీరు! మా పిల్ల సంగతి నాకు రెండేళ్ళ కిందటే తెలుసు. నాలుగు రోజులు ఏడిచాను. అయిదో రోజు పనిలోకెళ్ళాను. ఏడుపు నాదండి, దాన్ని తీసుకెళ్ళి పిల్లకెందుకు అంటగట్టాలి?"

లోపల అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది. పాదాల నిండా బొబ్బలు. "రేవులో చాలాసేపు కూర్చున్నాను నాన్నగారూ. దీని ఇంటి దారి గుర్తొచ్చింది. లేచాను" అంది. పక్కనున్న స్నేహితురాలు ఆమె చెయ్యి వదల్లేదు.

నోటుపుస్తకం సంచిలోంచి తీశాను. చింపబోయాను. నా రాత నేనే చింపబోవడం జీవితంలో అదే మొదటిసారి.

"వద్దు" అంది అమ్మాయి. పుట తిప్పి వేలు పెట్టింది. "కోరుకొండ వెళ్ళానా నేను? ఎప్పుడు? ఇది? నాకేమీ గుర్తులేదు. నాకు లేనివన్నీ ఇందులోనే ఉన్నాయి. పైన రాసింది మాత్రం కొట్టెయ్యండి."

'రోగం' మీద ఒక్క గీత గీసి సంతకం పెట్టాను. పుస్తకం ఆమెకు ఇచ్చేశాను.

ఆమె మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆమె జ్ఞాపకంలోంచి పోయిన నెలలు కూడా తిరిగి రాలేదు. ఆదివారాలు నేనే కడియం వెళతాను. రెండేళ్ళకు నా భార్య కూడా రావడం మొదలుపెట్టింది. అమ్మాయి ఒక వరస మీద వేలు పెడుతుంది, గడుల్లో పట్టనిది నేను చెబుతాను. చెప్పుల సంగతీ చెప్పాను.

"అప్పుడు మీరేం చేశారు?"

"డాక్టరు గారు వెళ్ళిపోతారు, త్వరగా నడవమన్నాను."

"ఊఁ" అని వేలు కింది వరస మీదకు జరిపింది.

పెద్దాపురం ఆయనకు చిరునామా ఇవ్వలేదు. నేను ఇప్పుడు రాసినదంతా కూర్చోబెట్టి చెప్పాను. "మరి మావాణ్ణి ఏం చెయ్యమంటారండి?" అన్నారు. "ఏమీ చెయ్యకండి. అడగండి, వినండి" అన్నాను. రెండో ఆయనకూ ఇదే చెప్పాను.

మొదటి ఆయన వచ్చిన రోజుకు అమ్మాయి ఇంకా మా ఇంట్లోనే, పిలిస్తే వచ్చి పెడితే తింటూ ఉంది. ఆయనకు చిరునామా కాగితం మీద రాసి, బస్సు నంబరు కూడా వేసి ఇచ్చాను. ఆయన పేరు అడగలేదు. ఊరు అడగలేదు. బిడ్డ కొడుకో కూతురో కూడా అడగలేదు. నా దగ్గర ఉన్న రాతలన్నీ వెతికాను. ఆ బిడ్డ గురించి ఒక్క వరస కూడా లేదు.