టైగర్ తరఫున ఒక వ్యాసం

డిసెంబర్ వస్తే అల్వాల్‌లో మా పక్క ఫ్లాటువాళ్లు గులాబి పువ్వులనే పిండివంట వేయిస్తారు. కాగిన నూనె, యాలకులు, కొంచెం మాడిన మైదా కలిసిన ఆ వాసన తలుపు సందులోంచి రాగానే కార్ఖానా బస్తీలో మా తాతయ్య ఇల్లు, చర్చి పాటల ప్రాక్టీసుకు గొంతు బొంగురుపోయిన అత్తలు, పిట్టగోడ మీద ఆరేసిన దుప్పట్లు, వాటి కింద నీడలో పడుకున్న టైగర్ అనే మా కుక్క వరసగా గుర్తొస్తాయి. టైగర్‌కి పిల్లి అంటే భయం. పేరు పెట్టినప్పుడు ఆ సంగతి తెలియదు.

నాకు పదేళ్లప్పుడు, నాయనమ్మ పండక్కని దాచిన గులాబి పువ్వుల డబ్బాను టైగర్ ఒక్కటీ మిగల్చకుండా ఖాళీ చేసింది.

"రేపే దీన్ని యాప్రాల్‌ల మీ చిన్నతాత ఇంటికి పంపుత. ఇంక నాతోని కాదు," అంది నాయనమ్మ.

మా ఇంట్లో ఎవరికేం కావాలన్నా రాసుకొచ్చి, సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక అందరి ముందూ చదవాలి. టీచరుగా రిటైరైన తాతయ్య పెట్టిన పద్ధతి అది. ఏడుపు లెక్కలోకి రాదు. ఏడ్చి చూశాను.

అడగడమంటే నాకు తెలిసింది ప్రార్థన ఒక్కటే కాబట్టి ఆ వరసలోనే రాశాను: ముందు స్తోత్రం, తర్వాత టైగర్ పాపాల ఒప్పుకోలు, ఆపైన విన్నపం, చివర ఆమెన్. తాతయ్య చూసి కళ్లద్దాలు తీశాడు.

"గిది ప్రార్థన రా. మీ నాయనమ్మ దేవుడు కాదు. కారణం ఏది?"

"పాపం తాతా, అది..."

"పాపం అంటే కారణం కాదు. ముందుగాల ఆమె మాట రాయి. ఆమె 'అవు' అనాలె. గప్పుడు నీ మాట షురూ చెయ్యి."

మళ్లీ రాసి చదివాను. చాప నిండా దాని వెంట్రుకలే, మనం కీర్తన ఎత్తుకుంటే అదీ ఎత్తుకుంటుంది, పైగా వేరే శ్రుతిలో. నాయనమ్మ ప్రతి వాక్యానికీ తల ఊపింది.

"సూశిన్రా? పోరడు సుత గదే అంటుండు!"

ఆమె వాదన ఎంత బాగా కుదిరిందంటే, టైగర్‌ని పంపేయడమే మేలని నాక్కూడా అనిపించింది. ఇక నా పక్షాన మిగిలింది ఒక్క వాక్యం: "మేము బడికి, అమ్మానాన్నలు ఆఫీసుకి, తాతయ్య ట్యూషన్లకి పోయాక, మధ్యాహ్నమంతా నాయనమ్మ మాట్లాడేది టైగర్‌తోనే."

తాతయ్య కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని నాయనమ్మ వైపు చూశాడు. అదృష్టం కొద్దీ టైగర్ ఆ పూట శ్రుతి ఎత్తుకోలేదు.

"అది మీ తీరుగ ఎదురు చెప్పది మరి," అంది నాయనమ్మ చాప దులుపుతూ. "పండుగ అయ్యేదాంక ఉండనియ్యున్రి."

టైగర్ బతికున్నంత కాలం ఆ పండుగ అయిపోలేదు.

ఇప్పుడా ఇల్లు లేదు, తాతయ్యా నాయనమ్మా లేరు, ఆ సాయంత్రాలూ లేవు. కుటుంబమంతా ఫోన్‌లో ఒక గ్రూపులో ఉంది. మొన్న, ఈ క్రిస్మస్‌కైనా అందరం ఒకచోట కలుద్దామని, రాలేమనేవాళ్ల ఇబ్బందులు ముందు పెట్టి మరీ, పద్ధతిగా రాశాను. నిమిషంలో బోలెడు బొటనవేళ్లు లేచాయి. వస్తామని ఒక్కరూ అనలేదు. రామనీ అనలేదు. నాయనమ్మ అయితే కాదనాలనుకున్నా ముందు చివరిదాకా వినేది.