మామ వ్యానులో వెనక బల్ల

మా అత్తగారింట్లో అందరికంటే ఎక్కువ మర్యాద జరిగేది వ్యానుకు. ప్రతి అమావాస్యకూ దానికి కుంకుమబొట్లు, నిమ్మకాయలు, కొబ్బరికాయ. నా పుట్టినరోజు ఏ నెలలో వస్తుందో మాత్రం ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మామ ఆ వ్యానును పాతబండిగా కొని, తన చేతులతోనే బాగు చేసుకున్నాడు. దాని గురించి తనకు తెలియనిదంటూ లేదని యశ్వంతనగర్‌లో కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు. మెకానిక్ చెయ్యి పడితే బండి మైలపడుతుందన్నట్టు మాట్లాడేవాడు.

వారానికోసారి అందులో బళ్ళారికి పోయేవాళ్ళం. అత్తకు మోకాళ్ళ వైద్యం, ఇంటికి సరుకులు. ముందు సీట్లలో మామ, నా మొగుడు. మధ్య సీటులో అత్త, కాళ్ళు బార్లా చాపుకుని. కోడలికి వెనక. వెనక సీటును మామ ఎప్పుడో పీకేసి, సామాన్లకు చోటుంటుందని ఒక చెక్కబల్ల బిగించాడు. ఆ బల్ల మీద నేను, నా పక్కన ఉల్లిపాయల సంచీ, బియ్యం మూట. అద్దాలన్నీ బిగించాల్సిందే. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి పోయే దారి అది. కాస్త సందిచ్చినా చీర, జుట్టు, పళ్ళు అన్నీ ఎర్రమన్నే. అత్త మాత్రం ఆకువక్క ఉమ్మడానికి తన అద్దం కొంచెం దించుకునేది. నా వైపు అద్దాలు తెరుచుకునేవే కావు.

పెళ్ళైన కొత్తలోనే మొదలైంది. సండూరు దాటేసరికి తల దిమ్మెక్కేది, బళ్ళారి చేరేసరికి కడుపులో తిప్పేది. మొదటిసారి వాంతి చేసుకున్నప్పుడు అత్త మురిసిపోయింది. పరీక్ష చేయించకముందే వీధంతా బెల్లం పంచింది. పరీక్షలో ఏమీ లేదని తేలింది. పంచిన బెల్లం వెనక్కి రాదు కదా, ఆ కోపమంతా నా నెత్తిన పడింది. అప్పటినుంచి నా తలనొప్పి నాటకమైంది. పని ఎగ్గొట్టే ఎత్తైంది. నేను బల్ల మీద తల పట్టుకుని కూర్చుంటే అత్త వెనక్కి తిరిగి, సినిమా చూసినట్టు చూసి నవ్వేది. నా మొగుడికీ నోరుంది, అన్నం తినడానికి వాడతాడు.

ఒకరోజు బళ్ళారిలో బండి దిగుతూ మార్కెట్టు ముందే పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి చుట్టూ జనం. ఎవరో మహాతల్లి నా గుప్పిట్లో తాళంచెవుల గుత్తి పెట్టింది. ఇంకెవరో ముక్కు దగ్గర చెప్పు పట్టుకున్నారు. మూర్ఛరోగం వచ్చినవాళ్ళకు చేసే వైద్యం అది. నాకు ఏమొచ్చిందని ఎవరూ అడగలేదు. తాళంచెవులు చేతిలో పెట్టాక ఇంక అడగడానికేముంది? డాక్టరు రక్తం తక్కువని మాత్రలు రాశాడు. అత్త ఆ మాట చెవిన వేసుకోలేదు. రోగిష్టిదాన్ని అంటగట్టారు, దాచిపెట్టి పెళ్ళి చేశారు అని, ఇంటికి చేరకముందే ఫోనులో నలుగురికి చెప్పేసింది. ఆదివారం వచ్చి బిడ్డను తీసుకుపొమ్మని మా ఊరు మోకలో ఉన్న మా నాయనకు మామ కబురు చేశాడు.

మూర్ఛ ఉందని అత్తగారు వెళ్ళగొట్టిన ఆడదాని బతుకేంటో నాకు తెలుసు. మా ఊళ్ళో ఒకామెను చూశాను. పిల్లల్ని ఎత్తుకోనివ్వరు, శుభకార్యానికి పిలవరు, ఆమె ముందే ఆమె గురించి మాట్లాడుకుంటారు. నేను అట్లా మోకలో బస్సు దిగడం కంటే చచ్చిపోవడం మేలనుకున్నాను. ఎట్లాగైనా సరే, ఆ ఇంట్లోనే ఉండాలి. ఆ వారమంతా నాకున్న పట్టుదల అదొక్కటే.

ఉగాదికి మా ఊరికి బస్సులో పోయినప్పుడు నాకేమీ కాలేదు. ఇంట్లో వంట చేస్తున్నా, నీళ్ళు మోస్తున్నా ఏమీ కాదు. ఆ వ్యానెక్కితేనే. ఈ మాట ఒకసారి మామతో అన్నాను. ఆయన చేతిలో ముద్ద పళ్ళెంలో పడేసి లేచిపోయాడు. బండిని మాట అన్నానని ఆ తర్వాత నా చేత్తో నీళ్ళు కూడా తాగలేదు.

శనివారం మామ కొండ దగ్గరి ఊళ్ళో ఎవరిదో కర్మకాండ ఉందని, బండికి మైల తగలకుండా బస్సులో పోయాడు, అత్త కూడా వెంట పోయింది. నా మొగుడు డ్యూటీలో ఉన్నాడు. మేకుకు తగిలించిన బండి తాళంచెవి తీసుకున్నాను. ట్రాక్టరులో పొగ ఎక్కడ కారుతోందో మా నాయన ఎట్లా చూసేవాడో చిన్నప్పుడు పక్కనే కూర్చుని చూసినదాన్ని. ఇంజను చల్లగా ఉండగానే పొగగొట్టమంతా చిక్కటి సబ్బునీళ్ళు పూయాలి. బండి స్టార్ట్ చేసి సైలెన్సర్ మూతిలో తడిగుడ్డ కుక్కాలి. పొగకు దారి దొరక్క, సందు ఎక్కడుంటే అక్కడ నురుగు లేస్తుంది. గుడ్డకోసం అత్త చీర ఒకటి చించాను. ఇంకా కట్టుకోదగ్గ చీరే. కావాలనే చించాను.

గోనె పరుచుకుని బండి కిందికి దూరాను. కిందంతా ఎర్రమన్ను పేరుకుని ఉంది. ఒక్కచోట మాత్రం అరచేయంత మేర నల్లటి మసి. గొట్టం సైలెన్సర్‌లో కలిసే అతుకు అది. అక్కడ నురుగు బుసబుస పొంగుతోంది. సరిగ్గా దాని పైన, పాత సీటు పీకినప్పుడు మిగిలిన బోల్టు తూట్లు. ఆ తూట్ల మీదే నేను కాళ్ళు పెట్టుకునే గోనెపట్టా, మసిబారిపోయి. అన్ని నెలలు నేను పీల్చింది ఆ పొగ. నాకు ఏ రోగమూ లేదు. బండి కింద పడుకునే పడీపడీ నవ్వాను.

ఆదివారం మా నాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. అత్త ఆయన్ను అరుగు మీదే నిలబెట్టి కడిగేసింది. ఆయన చేతులు కట్టుకుని, మా వంశంలో ఎవరికీ ఆ జబ్బు లేదని దేవుళ్ళ మీద ఒట్లు పెట్టుకుంటూ పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందర్నీ వ్యాను దగ్గరికి రమ్మన్నాను. ఎవరినీ అడక్కుండా సబ్బునీళ్ళు పూశాను, స్టార్ట్ చేశాను, గుడ్డ కుక్కాను. మా నాయన మోకాళ్ళ మీద వంగి కిందికి చూశాడు. నురుగు చూడగానే ఆయన మొహం వెలిగింది. లేచి, మామ మనసు నొచ్చుకోకుండా మెల్లగా అన్నాడు.

"నువ్వు చూస్కోలేదేమో బావా. ఈడ పొగ పోతాండాది."

చూసుకోలేదేమో అన్న మాట మామకు తగలకూడని చోట తగిలింది.

"నా బండిలో నాకి తెల్వకుండా ఏముంటాది బావా? పోయిన సంవత్సరం నుంచి ఉండాది ఆ సందు. ఎనక కూర్సునేది ఈ పిల్లొక్కతే గదా, సుమ్నే, ఊరకే బండి విప్పేదెందుకని ఇడ్సిపెట్టినా."

ఆ మాట ఆయన సిగ్గుపడుతూ అనలేదు, గర్వంగానే అన్నాడు. నేను తల పట్టుకున్నప్పుడూ, పడిపోయినప్పుడూ, నా గుప్పిట్లో తాళంచెవులు పెట్టినప్పుడూ ఆయనకు తెలుసు. నా మొగుడు టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు. అత్త కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. మా నాయన మామ కాలర్ పట్టుకుంటాడని చూశాను. కనీసం ఒక్క మాటైనా అంటాడనుకున్నాను.

ఆయన మోకాళ్ళ మన్ను దులుపుకుని, అయితే మా బిడ్డకు రోగం లేనట్టే కదా అని అడిగాడు. లేదన్నాడు మామ. ఇద్దరూ అరుగు మీద కూర్చుని కాఫీ తాగారు. వెల్డింగ్ సండూరులో మంచిదా, తోరణగల్లులో మంచిదా అని మాట్లాడుకున్నారు.

అత్త అప్పటికే నా బట్టలు సర్దిపెట్టిన సంచీ గుమ్మంలో ఉంది. అది తీసుకుని మా నాయన ముందుకొచ్చి నిలబడ్డాను.

"నాయినా, నన్ను తీస్కపో."

ఆయన నా చేతిలోంచి సంచీ తీసుకుని గోడ పక్కన పెట్టాడు. నా తల నిమిరాడు.

"రోగం లేదని తేలిపాయ గదమ్మా. ఇంగేమిటికొస్తావు?"

బస్సుకు టైమైందని బయలుదేరాడు. వచ్చేటప్పుడు వంగిపోయి వచ్చిన మనిషి, పోయేటప్పుడు నిటారుగా నడుస్తూ పోయాడు.