మరకలక్క పీల్చిన గాలి

డ్రైక్లీనింగు షాపు వెనక గదిలో ఇరవై రెండేళ్లు మరకలు తీసింది కాబట్టి ఆమెను అందరూ మరకలక్క అనేవారు. సిరా గానీ, గ్రీజు గానీ, రక్తం గానీ, డ్రమ్ములోంచి సీసాలోకి పట్టుకున్న మందు గుడ్డ మీద ఒంపుకుని నాలుగు రుద్దులు రుద్దిందంటే ఆనవాలు మిగిలేది కాదు. చేతికి తొడుగు లేదు. గదికి కిటికీ లేదు. గాలిని బయటికి లాగే ఫ్యాను ఎప్పుడో మూలపడితే ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి తల దిమ్మెక్కేది.

"తాగకుండానే తూలే భాగ్యం నా ఒక్కదానిదే," అని నవ్వేసేది.

యాభయ్యో ఏట మొదలైంది. బట్టలకు కట్టే చీటీల మీద ఆమె రాసే అంకెలు రానురాను చిన్నవైపోయాయి.

"అక్కా, ఇవి అంకెలా, చీమలా?" అన్నాడు యజమాని.

"కళ్లజోడు మార్చుకోవయ్యా," అంది.

ఇంట్లో తగువు మరో దారిన వచ్చింది. భర్త బస్సు కండక్టరు, మాటకారి. అతనెన్ని హాస్యాలాడినా ఆమె ముఖంలో చలనం ఉండేది కాదు. నెల రోజులు బతిమాలాడు. ఆపైన తనే అలిగాడు.

"నా మీద కోపమెందుకే? ఏదో ఒకటి చెప్పి ఏడవరాదూ?"

"కోపమెక్కడిది? నవ్వుతూనే ఉన్నాగా."

అతను ఆమెను అద్దం ముందు నిలబెట్టాడు. ఆమె నవ్వుతున్నాననే అనుకుంది. అద్దంలో మనిషి నవ్వడం లేదు. ఆ పూట ఇద్దరూ ముద్ద ముట్టలేదు.

డాక్టరు ఆమెను నడిపించి చూశాడు. కుడిచెయ్యి ఊగకుండా పక్కకి అంటుకుపోయి ఉంది.

"ఏం పని చేస్తారమ్మా?"

"మరకలు తీస్తానండీ."

"దేంతో?"

"మందుతో."

"ఏం మందు?"

ఇన్నేళ్లలో దాని పేరు ఆమె ఎవర్నీ అడగలేదు. మర్నాడు భర్త షాపుకెళ్లి, డ్రమ్ము మీదున్న పేరు టిక్కెట్టు వెనక రాసుకొచ్చాడు. డాక్టరు దాన్ని రెండుసార్లు చదివి, జబ్బు పార్కిన్సన్ అన్నాడు.

"ఇలాంటి వాటి మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి ఇది వచ్చే ప్రమాదం ఎక్కువంటున్నారు. మీకు దానివల్లే వచ్చిందని మాత్రం రాసివ్వలేను."

యజమాని చెడ్డవాడేం కాదు. ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాడు.

"ఆ గాలే నేనూ పీల్చానక్కా. నాకేం రాలేదే?"

"నువ్వు వీధి గుమ్మం దగ్గర కూర్చున్నావు తమ్ముడూ. డ్రమ్ము నా పక్కనుంది."



ఆమె అక్కడితో వదల్లేదు. భర్త చేత కార్మికశాఖకు అర్జీ రాయించింది. ఏడు నెలలకు ఇన్‌స్పెక్టరు వచ్చి, గోడ పగలగొట్టించి కిటికీ పెట్టించాడు. చేతి తొడుగులు ఇప్పించాడు. ఆమె జబ్బు సంగతి మాత్రం ఆధారం చాలదని కొట్టేశారు.

మాత్ర పనిచేసే మూడు గంటలే ఆమెవి. ఆ కాస్తలోనే తల దువ్వుకోవాలి, వంట చూసుకోవాలి. మిగతా వేళ గుమ్మం దాటబోతే కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. ఆమెను చూసుకోవడానికి రిటైర్మెంటుకు ముందే ఉద్యోగం మానేసిన భర్త వెనక నిలబడి "రైట్, రైట్" అనేవాడు. ఒక్కోసారి ఆ మాటకు అడుగు పడేది.

మొన్న అతను పాల కోసం వీధిలోకి వెళ్లిన పది నిమిషాల్లో ఆమె స్నానాల గదిలో పడింది. తుంటి విరిగింది. మళ్లీ నడుస్తుందా అని అడిగితే డాక్టరు అడ్డంగా తలూపాడు. ఆ సంగతి భర్త ఆమెకింకా చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.