కువైట్‌కు నాలుగున్నర గంటలు

తిరుచానూరులో నేను గుమాస్తాగా ఉన్న లాడ్జికి మొన్న ఒక అక్కా తమ్ముడూ వచ్చారు. ఆ అమ్మాయి అమ్మవారి దర్శనం చేసుకుని, మద్రాసులో విమానం ఎక్కి కువైట్‌కు ఇంటిపనికి పోతోందట. తమ్ముడు ఫోన్లో వెతికి, "నాలుగున్నర గంటలేనంటక్కా, ఏం బయపడొద్దు" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. తాళంచెవి కౌంటరు మీద విసిరినట్టు పెట్టాను.

మా అక్క కూడా ఆ పనికే ఆ ఊరికి పోయింది. చిత్తూరు పక్కన పల్లె మాది. మా నాయనకు బస్సు తప్ప మరో బండి తెలియదు. కువైట్‌కూ మద్రాసుకూ మధ్య దగ్గర దగ్గర నాలుగు వేల కిలోమీటర్లని చెబితే గుండె మీద చెయ్యి పెట్టుకునేవాడు. నాలుగున్నర గంటల ప్రయాణమంటే ఆ చెయ్యి తీసేసి, "అంతేనా? ఈడి నించి మద్రాసుకు బస్సు పొయ్యే టైమే గదరా!" అనేవాడు. టీ అంగట్లో కూర్చున్నవాళ్ళలో ఈ సంగతి ఆయన చెప్పని మనిషి లేడు. అక్క ఫోన్ చేస్తే చాలు, "బస్సెప్పుడు ఎక్కతావు మ్మా?" అని ఎగతాళి చేసేవాడు.

ఒకరోజు పొద్దున నాయన పోయాడు. ఫోన్లో అక్క ఏడుస్తూనే, "నాయన్ని ఎత్తొద్దురా, నేనొస్తాను" అంది. విమానంలో ఇంత, కారులో ఇంత అని నేను లెక్క కట్టి, రేపు మధ్యాహ్నానికల్లా అక్క వచ్చేస్తుందని ఊరందరికీ చెప్పేశాను. ఐసుపెట్టె తెప్పించాం. మనిషి ఆకలితో పోకూడదని, ఎత్తేముందు బిడ్డలు నోట్లో ఇన్ని బియ్యపుగింజలు వేసి సాగనంపడం మా ఇళ్ళలో ఉంది. అక్క వంతు బియ్యం పళ్ళెంలో పోసి ఉంచాం. మర్నాడు మధ్యాహ్నం దాటింది, సాయంత్రమూ దాటింది. అక్క ఫోన్ ఎత్తలేదు. మూడోనాడు పొద్దున చిన్నాయన నా భుజం తట్టి, "ఇంగ పెట్టుకోలేమప్పా" అన్నాడు.

మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది. అందరి ముందూ అరిచాను. "నాలుగున్నర గంటలు! కన్న నాయన కోసం అంతమాత్రం రాలేకపోయినావా?"

"పాసుపోర్టు ఈ ఇంటాయన దగ్గరుండాదిరా. కాళ్ళు పట్టుకున్నా ఇయ్యలా. ఫోను గూడా పెరుక్కోని ఇప్పుడే ఇచ్చినారు" అంది అక్క. గొంతు సన్నగా వినిపించింది. "నా వంతు బియ్యం నువ్వెయ్‌రా."

ఫోన్ పెట్టేశాను. నా వంతు వేశాను. అక్క వంతు వెయ్యలేదు. అప్పుడు దాన్ని దుఃఖమనుకున్నాను. కాదు, నలుగురిలో నా లెక్క తప్పిందన్న ఉక్రోషం.

ఏడాదిన్నరకు అక్క వచ్చింది. చెప్పులైనా విప్పకుండా వాకిట్లోనే అడిగింది. "నా బియ్యం ఏసినావా?"

"ఏసినానక్కా."

"సాలు నాయినా. మన నాయన ఆకిలితో పోలా" అని నా తల నిమిరింది.

ఇప్పటికీ నాయన తద్దినం నాడు వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెబుతుంది, తమ్ముడుంటే ఇట్లాంటివాడు ఉండాలని. నేను తల వంచుకుని ఆకులో అన్నం కలుపుకుంటూ ఉంటాను. నాయన పోయి ఎనిమిదేళ్ళయింది. అక్కకు నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఈ ఎనిమిదేళ్ళలో ఆ ఒక్క నిమిషం నేను సంపాదించుకోలేకపోయాను.