మూడో పిలుపు

డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఫలితం చూడగానే నాయినకు చెప్పాలని, చీకటి పడుతున్నా రావల్కోల్‌లోని మా మక్కచేను దాకా పరుగెత్తాను. సెల్లు వెలుతురులో గట్టు మీద రెండు కళ్లు పచ్చగా మెరిశాయి. నక్క.

ఆరేళ్లప్పుడు అలాంటి కళ్లనే దయ్యాలనుకున్నాను. కోతకొచ్చిన యాసంగి మక్కను అడవిపందులు తొక్కుతున్నాయని నాయిన రాత్రి కావలికి పోతూ నన్నూ తీసుకెళ్లాడు.

"ఈడనే కూసో బిడ్డా, జల్దీ వస్త" అని నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, బ్యాటరీ లైటుతో చేన్లోకి వెళ్లాడు. దూరంగా పచ్చటి వెలుగులు జంటలుగా కదిలాయి. పందులు గుర్రుమన్నాయి. తర్వాత నాయిన గొంతు వినిపించింది.

"లచ్చీ." కాసేపటికి మళ్లీ, "లచ్చీ."

రాత్రిళ్లు దయ్యం మనవాళ్ల గొంతుతోనే పిలుస్తుందని, కానీ మూడోసారి పిలవడం దానికి చేతకాదని, అందుకే మూడో పిలుపుకే పలకాలని అవ్వ చెప్పేది. నాకు భయం కూడా వేయలేదు. ఒళ్లంతా మొద్దుబారినట్టు కూర్చున్నాను. మూడో పిలుపు రాలేదు. మక్కకర్రలు విరుచుకుంటూ నాయినే పరుగున వచ్చాడు.

"ఎందుకు పలుకలే?"

"నువ్వు మూడోపారి పిలువలే గద నాయినా."

ఆయన తిట్టలేదు. ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది.

"సలి పెడ్తుందా నాయినా?"

"ఆ బిడ్డా, మస్తు సలి."

యాసంగి మక్క కోతకొచ్చేది ఎండాకాలంలోనని నాకు చాలా ఏళ్లకు తట్టింది.