మా వెర్నా అక్క ఎంచిన పిల్లబండి

మా అక్క వెర్నాకి డెబ్బై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో ఫలానాచోట నొప్పిగా ఉంది అని ఒప్పుకున్న పాపాన పోలేదు. ఆస్ట్రేలియాలో మా గింపీ ఊరివాళ్ళం అందరం కొంచెం అంతే అనుకోండి. కాలికి కట్టు కట్టుకున్నవాడు కూడా "ఏం కాదులే" అంటూ కుంటుకుంటూ క్లబ్బుకొచ్చి బీరు తాగిపోతాడు. కాని మా అక్కది మరీ విడ్డూరం. ఓసారి వరదనీళ్ళు తీశాక వాకిట్లో బురదలో జారి మణికట్టు విరగ్గొట్టుకుని, వాచీ బిగుతైందని వారంపాటు అందరినీ నమ్మించింది.

రెండేళ్ళుగా ఆవిడ తుంటి అరిగిపోయింది. ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో పేరు రాయించుకుంది. ఈ సంగతి తెలిసింది నా ఒక్కదానికే, అదీ కారు తోలేది నేను గనక. "కర్ర కొనుక్కోవే" అంటే "కర్ర ముసలాళ్ళకి" అంది. మేం బంతులు దొర్లించి ఆడే బౌల్స్ మైదానంలో ఆవిడ కన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు కర్ర పట్టుకు తిరుగుతారు. మా మహాతల్లి వాళ్ళని చూసి జాలి కూడా పడుతుంది, అదీ కంచె పట్టుకుని నిలబడి.

ఆవిడకి ఒక్కతే కూతురు, రయానన్. దాని మొగుడు గ్లెన్ మౌంట్ ఐసా గనిలో పనిచేస్తాడు. అది ఎక్కడో, మేమెక్కడో. మనవడి పేరు ఆర్లో. వాడు పుట్టి ఎనిమిది నెలలైనా అక్క వాణ్ణి చూసింది రెండేరెండుసార్లు. మిగతాదంతా ఫోన్లోనే. ఫోన్లో వాడు అమ్మమ్మని చూసి నవ్వడు, ఫోన్ని నాకుతాడు. అలాంటి సమయంలో రయానన్ ఫోన్ చేసింది.

"అమ్మా, జూన్‌లో ఫిజీ వెళ్తున్నాం. పది రోజులు. నువ్వూ పిన్నీ కూడా రండి. కానీ ఒక్కమాట. అక్కడ అంతా నడకే. నీ కాలు ఇంకా ఇబ్బంది పెడుతుంటే ఇప్పుడే చెప్పు, నయమయ్యాకే పోదాం. పిల్లాణ్ణీ నిన్నూ ఇద్దర్నీ ఎత్తుకోలేను."

"నా కాలికేమొచ్చింది? మొన్ననే కొండెక్కి వచ్చాను!" అంది అక్క.

కొండెక్కింది నా కారు. ఆవిడ లోపల కూర్చుని చాక్లెట్ తింది. నేను నోరు తెరవబోయాను. ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని నన్నొక చూపు చూసింది. చిన్నప్పుడు నా జుట్టు పీకే ముందు అలాగే చూసేది. నోరు మూసుకున్నాను.

పది రోజులు మనవడితో గడపడం. అంతే ఆవిడకి కావలసింది. దానికోసం ఆ మహానుభావురాలు వేసిన ఎత్తు వినండి. "పిల్లాడి బండి నేను కొంటాను. అమ్మమ్మ కానుక" అని ప్రకటించింది. రయానన్ మురిసిపోయింది. పిచ్చిది, తల్లి ప్రేమ అనుకుంది. నాకు మాత్రం వెంటనే వెలిగింది. ముసలమ్మ కర్ర పట్టుకుంటే ఊరంతా చూస్తుంది. అమ్మమ్మ పిల్లబండి పట్టుకుంటే ఎవరు చూస్తారు?

ప్రయాణానికి వారం ముందు రయానన్ పిల్లాడితో మా ఊరొచ్చింది. గ్లెన్‌కి గనిలో పని ఉందట, మూడో రోజుకి అక్కడే కలుస్తాడట. అందరం కలిసి పిల్లల సామాన్ల షాపుకి వెళ్ళాం.

రయానన్ తిన్నగా పోయి ఒక బుల్లి బండి పట్టుకుంది. మడిస్తే చేతిసంచీ అంత అవుతుంది. "ఇదే కావాలమ్మా. విమానంలో తల మీద అరలో పెట్టేసుకోవచ్చు. అందరూ ఇదే కొంటున్నారు."

అక్క దాని పిడి మీద రెండు చేతులూ వేసి ఒళ్ళంతా ఆనించింది. బండి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. అక్క వెనక్కి తూలింది. నేను వీపు పట్టుకోకపోతే ఉగ్గుగిన్నెల వరస మీద పడేది.

"చూశావా! గట్టితనం లేదు" అంది అక్క, ఏమీ జరగనట్టు.

"ఖాళీ బండి మీద అంత బరువేస్తే పడదా? పిల్లాడు కూర్చుంటాడుగా!" అంది రయానన్.

అక్కడినుంచి మొదలైంది భాగోతం. అక్క వరసనే ప్రతి బండి మీదా వాలింది. ఒకదాని పిడి పొట్టి. ఒకదాని బ్రేకు వదులు. ఒకటి పక్కకి లాగుతోంది. చివరికి ఓ మూల దుమ్ము కొట్టుకుపోయిన మహారథం ఒకటి దొరికింది. నాలుగు పెద్ద చక్రాలు, ఎత్తయిన పిడి, చేతి దగ్గరే బ్రేకు. ముందు కాస్త బరువు పడేస్తే చాలు, ఎంత వాలినా కదలదు. అక్క మొహం వెలిగిపోయింది. పెళ్ళినాడు కూడా ఆవిడ మొహం అంత వెలగలేదు, నేను చూశాను.

షాపులో అమ్మాయి అక్కని పైకీ కిందకీ చూసి, "ఇది పాపాయికే కదండీ?" అని అడిగింది.

"మరి నాకా?" అని అక్క కసిరింది.

"అది కాదండీ, ఇంత పెద్దదైతే విమానంలోకి రానివ్వరు. మళ్ళీ అది వచ్చేది..."

"నాకు చిన్నదే కావాలి!" అని రయానన్.

"నా మనవడు ఆ కుప్పిగంతుల బండిలో కూర్చోడు!" అని అక్క.

"నీ మనవడు ఏది పెట్టినా కూర్చుంటాడు, నీకే పంతం!"

"కానుక ఇచ్చేదాన్ని నేను. నువ్వు నోరు మూసుకుని తీసుకో!"

పాపం ఆ అమ్మాయి ఇంకో రెండుసార్లు నోరు తెరిచింది. ఎవరు విన్నారు గనక? గుటకలు మింగి పక్కకి తప్పుకుంది. మహారథమే కొన్నాం. కారు డిక్కీలో పట్టక, రయానన్ తోలుతుంటే సగం నా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

బ్రిస్బేన్ విమానాశ్రయంలో మా అక్కని చూడాలి! ఆర్లోని బండిలో కూర్చోబెట్టి, పిడి మీద చేతులు వేసి, తల ఎత్తుకుని నడిచింది. కుంటు లేదు, ఆయాసం లేదు. "నా కాలికేదో అయిందన్నావుగా?" అని కూతుర్ని దెప్పింది కూడా. నాకు ఒళ్ళు మండింది, కాని ముచ్చటగానూ ఉంది. విమానం తలుపు దాకా అలాగే వెళ్ళింది. అక్కడ యూనిఫారం వేసుకున్న అబ్బాయి పిల్లాణ్ణి తల్లికిచ్చి, బండికి చీటీ కట్టి, పక్కకి లాక్కెళ్ళాడు.

"దిగగానే తలుపు దగ్గరే ఇస్తావుగా?" అడిగింది అక్క.

"లేదండీ. సామానుతో పాటు బెల్టు మీదికి వస్తుంది."

షాపులో అమ్మాయి మింగేసిన మాట అదన్నమాట. పిడి ఎత్తు అడిగింది, బ్రేకు అడిగింది, చక్రాల రబ్బరు అడిగింది మా అక్క. దిగాక ఎక్కడ దొరుకుతుందో ఒక్క ముక్క అడగలేదు. ప్రయాణమంతా జూసు కూడా తాగకుండా కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. నేనూ తాగలేదు. ఆ పొడుగాటి నడక ఎలా నడుస్తుంది? ఈవిడ పడిపోతే, కూతురు మర్నాడే వెనక్కి విమానం ఎక్కించదా?

దిగాం. ఎదురుగా పొడుగాటి దారి, నున్నటి నేల, పట్టుకోవడానికి ఏమీ లేదు. అక్క గోడవారగా నాలుగడుగులు వేసి ఆగింది. బొమ్మలేవో చూస్తున్నట్టు నటించింది. ఇంకో నాలుగు. మళ్ళీ ఆగింది. చక్రాల కుర్చీ తీసుకుని ఒకతను ఎదురొచ్చి, "అమ్మా, కూర్చుంటారా?" అన్నాడు.

"ఎవర్ని అడుగుతున్నావు?" అని అక్క అటూ ఇటూ చూసింది. పై పెదవి మీద చెమట పట్టింది.

ఇంతలో పువ్వు పెట్టుకున్న పొడుగాటి ఫిజీ ఆవిడ, అక్కడ పనిచేసే మనిషే, "బులా, బులా" అని వాళ్ళ భాషలో పలకరిస్తూ వచ్చి రయానన్ చేతుల్లోంచి ఆర్లోని లాగేసుకుంది. అడగనూ లేదు. వాడు కిలకిలా నవ్వుతూ ఆవిడ పువ్వు పీకుతున్నాడు. "నేను పట్టుకుంటాలే చెల్లీ, నువ్వు మీ అమ్మని చూసుకో" అని ముందుకి నడిచింది.

రయానన్ రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. వచ్చి అక్క పక్కన నిలబడింది.

"అమ్మా, రాత్రంతా నిద్ర లేదు. కళ్ళు తిరుగుతున్నాయి. కాస్త చెయ్యి ఇవ్వవూ? పడిపోతానేమో."

"అయ్యో, పట్టుకో, పట్టుకో" అంది అక్క. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నిదానంగా నడిచారు ఇద్దరూ. ఎవరు ఎవర్ని మోస్తున్నారో వెనకనుంచి నాకు బాగానే కనిపిస్తోంది.

బెల్టు మీద మా మహారథం ఊగుతూ వచ్చింది. రయానన్ దాన్ని దింపి, విప్పి, పిడి అక్క చేతులకి అందే ఎత్తుకి సరిచేసింది. తర్వాత తన బరువైన సంచీ తీసి, పిల్లాడు కూర్చునేచోట పెట్టి బెల్టు బిగించింది.

"వాడు ఆవిడ చంక దిగేట్టు లేడు. ముందు బరువు లేకపోతే వెనక్కి పడతావమ్మా" అంది.

అక్క ఆ సంచీ వంక చూసింది. "ఎప్పట్నుంచి తెలుసే నీకు?" అంది.

"షాపులో నువ్వు రెండో బండి మీద వాలినప్పటినుంచి."

"మరి ఆ చిన్నదే కావాలని అంత పోట్లాడావేం?"

"అలాగైనా నోరు తెరిచి నొప్పి అని చెప్తావేమోనని."

ఇన్నాళ్ళూ ఆ రహస్యాన్ని కడుపులో దాచుకుని చచ్చింది నేను. ఈ ఇద్దరినీ అక్కడే రెండు తిట్లు తిడదామనుకున్నాను. కాని అక్క రెండు చేతులూ పిడి మీద వేసి, తల వంచుకుని నిలబడి ఉంది.

"నొప్పిగా ఉందే" అంది, చాలా చిన్నగా.

"తెలుసులే. పద" అంది రయానన్.